కళ్ళజోడు ఉన్నవారు తక్కువ ఖర్చులో ఎఫ్‌పీవీ గాగుల్స్ ఎంచుకోవడం ఎలా?

ఎఫ్‌పీవీ అంటే డ్రోన్ కెమెరా పంపే బొమ్మను కళ్ళకు పెట్టుకున్న గాగుల్స్‌లో అప్పటికప్పుడు చూస్తూ ఎగరేయడం. ఆ డ్రోన్ కొనేవారు మోటార్లు, బ్యాటరీ, కెమెరా గురించి తెగ ఆరా తీస్తారు. గాగుల్స్ దగ్గరికి వచ్చేసరికి ధర, రిజల్యూషన్ చూసి ఆర్డరు పెట్టేస్తారు. సైటు లేనివారికి ఆ పద్ధతి చెల్లుతుంది, ఉన్నవారికి చెల్లదు. లోపల కళ్ళజోడు పట్టదు. పట్టినా ముక్కు మీద నొక్కుకుపోతుంది. తీసేస్తే తెర మీది అంకెలు అలుక్కుపోయి కనిపిస్తాయి. పైగా మన గోదావరి డెల్టా ఉక్కలో అయిదు నిమిషాలకే అద్దాలు మసకబారతాయి. అందుకే ఇక్కడ ముందు మీ కళ్ళ లెక్క చూద్దాం, తర్వాత కళ్ళజోడు కొలతలు. గాగుల్స్ వంతు ఆ తర్వాతే.

1. పవర్ చీటీ దగ్గర పెట్టుకోండి

చీటీ ఏడాదికి మించి పాతదైతే మళ్ళీ పరీక్ష చేయించుకోండి. భీమవరమైనా అమలాపురమైనా పరీక్ష చేసే ఆప్టికల్ షాపులో కనుపాపల మధ్య దూరం, అంటే పీడీ, కూడా కొలిచి రాయమనండి. అడిగితే తప్ప ఆ అంకె చీటీ మీదికి రాదు. పెద్దవాళ్ళలో అది సాధారణంగా 54 నుంచి 74 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది.

చీటీలో చూడాల్సినవి నాలుగే. ఎస్‌పీహెచ్ అంటే అసలు పవర్, మైనస్ గానీ ప్లస్ గానీ. సీవైఎల్ అంటే సిలిండర్, దాని పక్కన యాక్సిస్. యాడ్ అనేది చత్వారం వచ్చినవారికి దగ్గర చూపు కోసం కలిపే పవర్. నాలుగోది పీడీ. రెండు కళ్ళకూ వేర్వేరుగా రాసుకోండి.

గాగుల్స్‌లో తెర కంటికి అంగుళాల దూరంలోనే ఉన్నా, మధ్యనున్న లెన్సు వల్ల బొమ్మ మీటరు, రెండు మీటర్లు లేదా ఇంకా దూరంలో ఉన్నట్టు కన్ను చూస్తుంది. "తెర దగ్గరేగా, నాది మైనస్ పవరేగా, జోడు అక్కర్లేదు" అనుకోవడం అందువల్లే తప్పు. మైనస్ 1 ఉన్నవారికి జోడు లేకుండా స్పష్టంగా కనిపించే హద్దు 1 మీటరు. మైనస్ 2 అయితే అర మీటరు, మైనస్ 4 అయితే 25 సెంటీమీటర్లు. బొమ్మ ఆ హద్దుకు అవతల పడితే మసకే.

ఇక ఈ అంకెలను బట్టి దారులు చీలతాయి.

మైనస్ 0.75 లోపు, సిలిండర్ 0.5 లోపు ఉంటే జోడు తీసేసి ఎగరేయొచ్చు. మీకోసం ప్రత్యేకంగా ఖర్చు పెట్టక్కర్లేదు.

మైనస్ 1 నుంచి 6 వరకు ఉండి సిలిండర్ 0.75 దాటకపోతే రెండు దారులూ తెరిచే ఉంటాయి: జోడుతో బాక్స్ గాగుల్స్ (ఒకే పెద్ద తెర, లోపల చోటు ఉన్నవి), లేదా పవర్ సర్దుకునే చిన్న గాగుల్స్.

సిలిండర్ 1 దాటితే చిన్న గాగుల్స్‌లో పవర్ సర్దే డయాప్టర్ మీటను నమ్ముకోకండి. అది ఎస్‌పీహెచ్ ఒక్కదాన్నే సర్దుతుంది, సిలిండర్‌ను ముట్టుకోదు. చెట్లు, గట్లు బాగానే కనిపిస్తాయి గానీ బ్యాటరీ ఓల్టేజీ అంకెలో 3 ఏదో 8 ఏదో తెలియదు. ఎఫ్‌పీవీలో డ్రోన్ కింద పడేది సరిగ్గా అక్కడే.

సిలిండర్ తక్కువగా ఉన్నవారికి ఒక చిట్కా లెక్క ఉంది. సిలిండర్‌లో సగం తీసి ఎస్‌పీహెచ్‌కి కలపండి. మైనస్ 2.50, సిలిండర్ మైనస్ 1.00 అయితే మైనస్ 3.00. మీటను గానీ, గాగుల్స్ లోపల అమర్చుకునే ఇన్సర్ట్ లెన్సును గానీ అక్కడ పెడితే సర్దుకుపోవచ్చు. ఇది మధ్యేమార్గమే, పూర్తి స్పష్టత రాదు.

2. మీ కళ్ళజోడును స్కేలుతో కొలవండి

ఉత్పత్తి పేజీల్లో "కళ్ళజోడుతో పెట్టుకోవచ్చు" అని రాయని గాగుల్స్ అరుదు. ఎంత పెద్ద జోడు పడుతుందో రాసేవి ఇంకా అరుదు. మూడు కొలతలు మీరే తీసుకోండి.

ఫ్రేము ముందు భాగం ఈ చివర నుంచి ఆ చివరకు ఎంత వెడల్పు? మామూలుగా 130 నుంచి 145 మిల్లీమీటర్లు. అద్దం ఎత్తు ఎంత? ఇప్పటి ఫ్యాషన్ గుండ్రటి ఫ్రేములు 45 దాకా పోతాయి. గాగుల్స్ ముక్కు గాడికి తగిలేవి ఇవే. మూడోది, బుగ్గ ఎముక నుంచి అద్దం ముందు తలం ఎంత ముందుకు ఉందో పక్కనుంచి వేరొకరిని చూడమనండి. అద్దానికీ కంటికీ మధ్య ఖాళీయే 12 నుంచి 14 మిల్లీమీటర్లు ఉంటుంది, దానికి అద్దం మందం కలుస్తుంది.

ఈ కొలతలతో అట్టముక్క మీద కళ్ళజోడు ఆకారం గీసి కత్తిరించండి. పాత గాగుల్స్ అమ్మే వ్యక్తి దగ్గరికి గానీ షాపుకి గానీ వెళ్ళినప్పుడు, ఖరీదైన జోడు గీరుకుపోతుందనే బెంగ లేకుండా ముందు ఆ అట్టను లోపల పెట్టి చూడొచ్చు. ఆన్‌లైన్‌లో కొనేటట్టయితే ముఖానికి ఆనే చోట లోపలి వెడల్పు ఎంతో అమ్మకందారుని మిల్లీమీటర్లలో అడగండి. అది మీ ఫ్రేము కంటే కనీసం 5 మిల్లీమీటర్లు ఎక్కువుండాలి.

ఇక్కడ సూటిగా ఒక సలహా. మీ రోజువారీ కళ్ళజోడు పట్టే గాగుల్స్ కోసం వెతకడం మానేయండి. గాగుల్స్ కోసమే రెండో జోడు చేయించుకోండి. వెడల్పు 130 లోపు, అద్దం ఎత్తు 30 నుంచి 35, సన్నటి లోహపు ఫ్రేము, సన్నటి కాడలు, మామూలు సింగిల్ విజన్ అద్దాలు చాలు. బాక్స్ గాగుల్స్‌కీ డయాప్టర్ గాగుల్స్‌కీ మధ్య ధర తేడాలో ఇది చిన్న ముక్క. సిలిండర్ ఎంతున్నా ఇందులో వచ్చేస్తుంది, రెండు కళ్ళ పవర్ వేరైనా ఇబ్బంది లేదు.

ఆ రెండో జోడుకు ఎండకు నల్లబడే అద్దాలు వేయించకండి. డెల్టా ఎండలో నిలబడి గాగుల్స్ పెట్టుకుంటే అప్పటికే నల్లబడ్డ అద్దాలు తేటపడటానికి చాలా నిమిషాలు పడుతుంది, అప్పటికి ఒక బ్యాటరీ అయిపోతుంది. పోలరైజ్డ్ అద్దాలు అసలే వద్దు. ఎల్‌సీడీ తెర వాటి వెనక నుంచి కొన్ని కోణాల్లో పూర్తిగా నల్లగా కనిపిస్తుంది.

నలభై దాటి బైఫోకల్ గానీ ప్రోగ్రెసివ్ గానీ వాడేవారు వాటితోనే గాగుల్స్ పెట్టుకుంటే తెర కింది సగం ఒక తీరు, పై సగం ఒక తీరు కనిపిస్తుంది. ప్రోగ్రెసివ్ అద్దాల అంచుల్లో బొమ్మ ఈదుతున్నట్టు ఉండి కడుపులో తిప్పుతుంది. వీరికి దూరపు పవర్‌తో సింగిల్ విజన్ జోడు సరిపోతుంది. అంకెలు ఇంకా మసకగా ఉంటే ప్లస్ 0.50 కలిపి చూడమని ఆప్టికల్ షాపులో అడగండి. ట్రయల్ ఫ్రేములో ఆ అద్దం వేసుకుని, రెండు మీటర్ల దూరంలో ఉన్న అక్షరాలు చదివి చూస్తే తేలిపోతుంది.

3. బాక్సా, చిన్నవా?

బాక్స్ గాగుల్స్‌లో ఒకే ఎల్‌సీడీ తెర, దాని ముందు పెద్ద ప్లాస్టిక్ లెన్సు ఉంటాయి. లోపల చోటు ఉంటుంది కాబట్టి కళ్ళజోడు పడుతుంది. చిన్న గాగుల్స్‌లో ఒక్కో కంటికీ ఒక్కో బుల్లి తెర. కళ్ళజోడుకు చోటు ఉండదు, బదులుగా పవర్, పీడీ సర్దుకునే మీటలు ఉంటాయి.

చిన్నవాటి హద్దులు చూస్తే, డీజేఐ గాగుల్స్ 2 లో డయాప్టర్ ప్లస్ 2 నుంచి మైనస్ 8 వరకు, గాగుల్స్ 3 లో ప్లస్ 2 నుంచి మైనస్ 6 వరకు. రెండింటిలోనూ పీడీ 56 నుంచి 72 మిల్లీమీటర్లు. వాక్‌స్నెయిల్ అవతార్ గాగుల్స్ ఎక్స్‌లోనూ ప్లస్ 2 నుంచి మైనస్ 6 వరకే. హెచ్‌డీజీరో గాగుల్స్‌లో ప్లస్ 6 నుంచి మైనస్ 6 వరకు. ప్లస్ 3 ఉన్నవారికి మొదటి మూడూ పనికిరావని ఇక్కడే తెలిసిపోతోంది. మైనస్ 7 ఉన్నవారికి ఒక్క గాగుల్స్ 2 మాత్రమే మిగులుతుంది. ఇవి మంచి గాగుల్సే, కానీ "అందుబాటు ధర" అన్న మాట వీటికి నప్పదు.

అందుబాటు ధర అంటే ఎనలాగ్ బాక్సులే. ఎక్కువమంది మొదలుపెట్టేది ఈచైన్ ఈవీ800డీ తరహాతో: 5 అంగుళాల తెర, 800×480 రిజల్యూషన్, రెండు యాంటెన్నాల్లో మెరుగైన సిగ్నల్‌ను ఎంచుకునే డైవర్సిటీ రిసీవర్, వీడియో రికార్డు చేసే డీవీఆర్. తెర భాగం ఊడి విడిగా మానిటర్‌గా కూడా పనిచేస్తుంది. లోపల జోడు ఎంతకీ ఇమడనివారికి ఇది పెద్ద వెసులుబాటు. తెరను ట్రైపాడ్ మీద పెట్టి, నీడ కోసం చుట్టూ నల్ల అట్ట కట్టి, మామూలు కళ్ళజోడుతోనే ఎగరేయొచ్చు. ఈచైన్ వీఆర్ డీ2 ప్రోలో లెన్సును ముందుకూ వెనక్కూ జరపొచ్చు. స్కైజోన్ కోబ్రా ఎక్స్‌లో తెర 1280×720, అంకెలు ఇంకా తేటగా ఉంటాయి. బీటా ఎఫ్‌పీవీ వీఆర్03 చిన్నది, తేలిక. ఇంట్లో బుల్లి డ్రోన్‌తో నేర్చుకునేవారికి చాలు.

డిజిటల్ కావాలనుకుంటే డీజేఐ గాగుల్స్ ఎన్3 ఉంది. 2024 నవంబరులో 229 డాలర్ల ధరతో విడుదలైంది. బాక్సు తరహాలో ఒకే 1080పీ తెర, కళ్ళజోడుతోనే పెట్టుకునేలా చేశారు, పవర్ మీట లేదు. బరువు 536 గ్రాములు. ఆ బరువు ముక్కు మీద పడకుండా నుదుటి ప్యాడ్‌ను సరిగ్గా సర్దుకోకపోతే జోడు ముక్కు మీద ఎర్రటి గాటు పెడుతుంది.

కొనేముందు మీ డ్రోన్‌లో బొమ్మను గాగుల్స్‌కు పంపే వీడియో ట్రాన్స్‌మిటర్ ఏదో చూసుకోండి. ఎనలాగ్ అయితే ఏ కంపెనీ ఎనలాగ్ గాగుల్స్ అయినా కలుస్తాయి. డీజేఐ, వాక్‌స్నెయిల్, హెచ్‌డీజీరో మూడూ దేనికదే. ఎన్3 ఎనలాగ్ డ్రోన్‌ను చూపించదు, డీజేఐలోనూ అన్ని మోడళ్ళతో కలవదు.

లెన్సు జరిగే బాక్సు ఎందుకు పనికొస్తుందో లెక్క వేసి చూద్దాం. లెన్సు నాభ్యంతరం 10 సెంటీమీటర్లు అనుకోండి. తెర సరిగ్గా 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే బొమ్మ అనంత దూరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. తెరను 8.3 కి దగ్గర చేస్తే బొమ్మ అర మీటరు దగ్గరికి వస్తుంది. మైనస్ 2 ఉన్నవారికి జోడు లేకుండా తేటగా కనిపించే హద్దు అదే. కేవలం 17 మిల్లీమీటర్ల జరుగుడుతో రెండు డయాప్టర్లు సర్దుకుపోయాయి. మైనస్ 4 కి 7.1 దాకా తేవాలి, అంత జాగా గాడిలో ఉండకపోవచ్చు. పైగా రెండు కళ్ళూ ఒకే లెన్సులోంచి చూస్తున్నప్పుడు బొమ్మను మరీ దగ్గరికి తెస్తే కళ్ళు లోపలికి తిరగాల్సి వచ్చి కణతలు లాగేస్తాయి. మైనస్ 2.5 దాటినవారికి జోడే మేలు. రెండు కళ్ళ తేడా 1 దాటినా ఈ పద్ధతి పనిచేయదు, ఎందుకంటే లెన్సు ఒకటే.

4. జోడుకు చోటు చేయడం

బాక్సు ఇంటికి వచ్చాక ముందు కరెంటు పెట్టకుండానే ఒకసారి పెట్టుకు చూడండి. కళ్ళజోడు అద్దానికీ గాగుల్స్ లెన్సుకూ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఉందో లేదో తెలియడానికి జోడు అద్దాల మధ్యభాగంలో టిష్యూ కాగితం ముక్క ఒకటి తడి చేసి అతికించి గాగుల్స్ బిగించండి. తీశాక గాగుల్స్ లెన్సు మీద తడి మచ్చ పడితే రెండూ తగులుతున్నట్టే. అలాగే వాడితే రెండింటి మీదా గీతలు పడతాయి. గాగుల్స్ ప్లాస్టిక్ లెన్సు మెత్తన, ముందు చెడేది అదే.

తగులుతుంటే ముఖం ఆనే ఫోమ్ కింద 5 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ పట్టీ ఒక వరస వేయండి. స్టేషనరీ షాపుల్లో పిల్లల ప్రాజెక్టుల కోసం అమ్మే ఫోమ్ షీటు పనికొస్తుంది. మందం తక్కువైతే రెండు పొరలు. పది మిల్లీమీటర్లకు మించి పెంచకండి. కన్ను వెనక్కి జరిగిన కొద్దీ తెర అంచులు కనిపించడం మానేస్తాయి.

తర్వాత కాడల సంగతి. కణతల దగ్గర కాడ మీద ఫోమ్ ఒత్తుకుంటే పది నిమిషాలకే తల పట్టేసినట్టవుతుంది. జోడుతో గాగుల్స్ పెట్టుకుని, కాడ ఎక్కడ ఫోమ్‌ను నొక్కుతోందో అక్కడ బయటి నుంచి స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టించుకోండి. ఆ చోట ఫోమ్‌లో 6 మిల్లీమీటర్ల ఎత్తు, ఫోమ్ మందంలో సగం లోతు గాడి కోయండి. కొత్త బ్లేడుతో ఒకే లాగులో కోస్తే అంచు చిరగదు. మొత్తం లోతూ కోసేస్తే ఎండ లోపలికి దూరుతుంది. అప్పుడు గాడి బయటివైపు నల్ల వెల్వెట్ గుడ్డ ముక్క అతికించాలి.

పక్క పట్టీలు బిగించి బరువు మోయించడం అందరూ చేసే పని, అది తప్పు. పై పట్టీ బరువు మోయాలి, పక్క పట్టీలు కదలకుండా ఆపితే చాలు. పై పట్టీ లేని మోడల్‌కు వెల్‌క్రో పట్టీ కుట్టించుకోండి. ఊళ్ళో బ్యాగులు కుట్టేవారు పావుగంటలో కుట్టిచ్చేస్తారు.

చివరిగా తెర వెలిగించి నాలుగు మూలలూ చూడండి. కళ్ళజోడుతో పెట్టుకున్నప్పుడు మూలలు కనబడకపోవడం మామూలే. దానికి గాగుల్స్ మార్చనక్కర్లేదు. డ్రోన్ సెట్టింగులు మార్చే బీటాఫ్లైట్ సాఫ్ట్‌వేర్‌లో ఓఎస్‌డీ (బొమ్మ మీద కనిపించే అంకెలు, అక్షరాలు) ట్యాబ్ తెరిచి ఓల్టేజీ, టైమరు, హెచ్చరికల వరసను మౌస్‌తో లాగి మధ్యకు తెచ్చుకోండి. పాల్ అనే ఎనలాగ్ వీడియో పద్ధతిలో ఓఎస్‌డీకి అడ్డంగా 30, నిలువుగా 16 గళ్ళు ఉంటాయి. చుట్టూ అడ్డంగా నాలుగేసి, నిలువుగా రెండేసి గళ్ళు వదిలి లోపలే అన్నీ పెట్టుకుంటే చాలు. అవసరం లేనివన్నీ తీసేయండి. ఓల్టేజీ, ఎగిరిన సమయం, సిగ్నల్ బలం ఉంటే నేర్చుకునేవారికి ఇంకేం అక్కర్లేదు.

5. ఉక్క, ఉప్పుగాలి, ఎండ

జోడు మసకబారడానికి ఇక్కడ కారణాలు రెండు. ఒకటి, ఏసీ గదిలోంచి గానీ ఏసీ కారులోంచి గానీ చల్లటి గాగుల్స్ బయటికి తీయగానే తేమ గాలి అద్దాల మీద నీరు కడుతుంది. 15, 20 నిమిషాల ముందే సంచీ తెరిచి నీడలో పెడితే ఆ బాధ తప్పుతుంది. రెండోది మీ ఊపిరి, చెమట. ముక్కు దగ్గర ఫోమ్ పూర్తిగా మూసుకుపోతే వేడి ఊపిరి పైకి తన్ని అద్దాల మీద పడుతుంది. ముక్కు పక్కల వేలు దూరేంత సందు వదలండి. కొంచెం వెలుతురు వచ్చినా ఫరవాలేదు. లోపల ఫ్యాను ఉన్న మోడల్ దొరికితే ఇక్కడి వాతావరణానికి దానికి ఎక్కువ పెట్టడం దండగ కాదు. కళ్ళజోడు అద్దాలకు యాంటీ ఫాగ్ స్ప్రే గానీ, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క రాసి మెత్తటి గుడ్డతో తుడిచేయడం గానీ చేయొచ్చు. గాగుల్స్ లెన్సు జోలికి మాత్రం సబ్బు, స్పిరిట్, శానిటైజర్ ఏదీ పోనివ్వకండి. గీతలున్న ఫ్రెనెల్ లెన్సు అయితే స్పిరిట్‌తో తెల్లబారిపోతుంది.

అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరంలో ఎగరేస్తే ఇంటికి రాగానే ఉప్పు తుడవాలి. పొడి గుడ్డతో రుద్దితే ఉప్పు పలుకులే గీరతాయి. డిస్టిల్డ్ వాటర్‌తో కాస్త తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో అద్ది తీయండి. తర్వాత గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో భద్రం చేయండి. వానాకాలంలో విడిగా బీరువాలో పెట్టిన లెన్సులకు బూజు పడుతుంది.

ఎండ విషయం మరీ ముఖ్యం. గాగుల్స్‌ను లెన్సు ఆకాశం వైపుండేలా గట్టు మీద పెట్టారంటే, భూతద్దంతో కాగితం కాల్చినట్టే ఎండ తెర మీద కేంద్రీకరించుకుని మచ్చ వేస్తుంది. అది ఇక పోదు. తీసిన వెంటనే బోర్లా పెట్టండి, లేదా లెన్సు మీద గుడ్డ కప్పండి. సెకండ్ హ్యాండ్ గాగుల్స్ కొనేటప్పుడు మొదట వెతకాల్సింది కూడా ఈ మచ్చలకే. తెల్లటి తెర పెట్టి పసుపు, గోధుమ రంగు చుక్కలున్నాయేమో చూడండి. ఆ తర్వాత బ్యాటరీ ఉబ్బిందేమో, అన్ని ఛానెళ్ళూ పడుతున్నాయో లేదో, డీవీఆర్ రికార్డు చేస్తోందో లేదో.

కాంటాక్ట్ లెన్సులతో ఎగరేయడం అన్నిటికంటే హాయి, సిలిండర్ ఉన్నవారికి టోరిక్ లెన్సులు కూడా ఉన్నాయి. కాకపోతే పొలంలో చేతులు మట్టిగా ఉంటాయి, కాలువ నీళ్ళతో కడుక్కుని లెన్సు ముట్టుకుంటే కంటికి తీవ్రమైన ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది. బోరు నీళ్ళు, చెరువు నీళ్ళు కూడా అంతే. ఇంట్లోనే పెట్టుకుని వెళ్ళి, ఇంటికొచ్చాకే తీయండి.

6. తెప్పించుకునే ముందు

2022 ఫిబ్రవరి 9 నాటి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నోటిఫికేషన్ ప్రకారం పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతి నిషేధం, విడి భాగాలకు ఆ అడ్డు లేదు. కాబట్టి డ్రోన్, రిమోట్, గాగుల్స్ కలిపి ఒకే పెట్టెలో వచ్చే కిట్‌ను విదేశీ సైటులో ఆర్డరు చేస్తే కస్టమ్స్‌లో ఆగిపోయే ప్రమాదం ఉంది. మన దేశంలోని అమ్మకందారు దగ్గర కొంటే ధర కాస్త ఎక్కువైనా, జోడు పట్టకపోతే తిరిగి పంపే వీలుంటుంది. వాపసు షరతులు ముందే రాతలో తీసుకోండి. ఫోమ్ కోసేశాక ఎవరూ వెనక్కి తీసుకోరు గనుక టిష్యూ పరీక్ష, మూలల పరీక్ష అయ్యేదాకా బ్లేడు పట్టకండి.

యాంటెన్నాలు కూడా చూసుకోండి. డ్రోన్‌ది కుడి వలయ పోలరైజేషన్ (యాంటెన్నా మీద ఆర్‌హెచ్‌సీపీ అని ఉంటుంది) అయితే గాగుల్స్‌దీ అదే కావాలి. యాంటెన్నాను బిగించే ఎస్‌ఎంఏ, ఆర్‌పీ ఎస్‌ఎంఏ మరలు పైకి ఒకేలా ఉంటాయి, మధ్య సూది ఉందో లేదో చూసి కొనాలి. 5.8 గిగాహెర్ట్జ్ సిగ్నల్ తడి కొబ్బరి మట్టల వెనక్కి వెళ్తే చచ్చిపోతుంది. కోనసీమ తోటల్లో మొదలుపెడితే తప్పు గాగుల్స్ మీద వేస్తారు. సార్వా కోతలయ్యి దాళ్వా నాట్లకు ముందు, లేదా వేసవిలో దాళ్వా కోతలయ్యాక ఖాళీ చేలు నేర్చుకోవడానికి అనువు. రొయ్యల చెరువుల పక్కన ఏరేటర్ల కరెంటు వైర్లు కిందకు వేలాడుతుంటాయి. తక్కువ రిజల్యూషన్ తెరలో అవి కనబడవు, కళ్ళజోడు ఎంత మంచిదైనా సరే.

250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కూ, వ్యాపారం కోసం కాని మైక్రో డ్రోన్‌కూ (250 గ్రాములు దాటి 2 కిలోల వరకు) 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం పైలట్ లైసెన్సు అక్కర్లేదు. అయినా ప్రభుత్వ డ్రోన్ పోర్టల్ డిజిటల్ స్కై మ్యాపులో మీ ఊరు ఏ జోన్‌లో ఉందో చూడండి. రాజమండ్రి మధురపూడి విమానాశ్రయం పరిసరాల్లో మరీ జాగ్రత్త. గాగుల్స్ పెట్టుకున్నవారికి చుట్టూ ఏముందో తెలియదు కాబట్టి డ్రోన్‌ను కంటితో చూస్తూ ఉండే మనిషి ఒకరు పక్కన నిలబడాలి. ఆయనకూ దూరపు చూపు కళ్ళజోడు అవసరమైతే అది పెట్టుకునే రమ్మనండి.